వార్డెనమ్మ వేసిన నింద

"ఈ పాకెట్టు ఎవరిది? ఈ ఇంట్లో ఇది ఎవరికి కావాలి? మాట్లాడరేం!"

ఆడపడుచు గొంతు ఖంగుమంది. ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. చుట్టాలంతా చాటుగా వార్డెనమ్మ అంటారు. తమ్ముడింటికి వచ్చిందంటే చాలు, బీరువా సర్దే వంకతో తనిఖీ మొదలు! మరదలు పైకి నవ్వుతూనే, ఈవిడ ఎప్పుడు వెళ్తుందా అని రోజులు లెక్కపెట్టుకునేది. ఇవాళ దుప్పట్ల మడతల్లోంచి ఆవిడ చేతికి చిక్కింది నెలసరికి వాడే ప్యాడ్ల పాకెట్టు... అదీ సగం ఖాళీ అయినది! కొడుకూ కోడలూ వేరే ఊళ్లో ఉంటారు. ఇంట్లో ఉన్న ఒక్క ఆడదానికీ అరవై దగ్గర పడుతున్నాయి. మరి ఇది ఎవరిది?

కుట్టుమిషను ముందున్న మరదలు తొక్కడం ఆపేసింది. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి సంసారాన్ని నెట్టుకొచ్చిన ఇల్లాలు ఆమె. ఎంత కష్టమొచ్చినా పెదవి విప్పి ఎరగదు. ఇప్పుడు మాత్రం ఏమని విప్పుతుంది? తలవంచుకుని చేతిలోని గుడ్డను నలిపేస్తూ కూర్చుంది.

"నువ్వు మొన్న కోడలి కాన్పుకని వెళ్లావు. ఇంట్లో వీడొక్కడే!" వార్డెనమ్మ చూపు అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన తమ్ముడి మీద పడింది. "ఒరేయ్! ఎవతెను తెచ్చావురా ఇంటికి?"

బస్సు డ్రైవరైన ఆ తమ్ముడు అక్క వంక చూశాడు. పాకెట్టు వంక చూశాడు. తర్వాత నెత్తుటి చుక్క లేకుండా పాలిపోయిన భార్య ముఖాన్ని చాలాసేపు చూశాడు. మెల్లగా తల దించుకున్నాడు.

"అవునక్కా... తప్పు నాదే. తిట్టాలంటే నన్ను తిట్టు. దాన్నేమీ అడక్కు."

అయ్యో! ఎంత మాట! పరాయి ఆడదాని వంక కన్నెత్తి చూడని మనిషి... తన కోసం అంత బురద నెత్తిన పోసుకుంటున్నాడా! ఆ ఇల్లాలి గుండె చెరువైపోయింది. సిగ్గు ఎటు పోయిందో పోయింది. ఒక్క ఉదుటున లేచింది.

"కాదు వదినా! ఆయనకేం తెలీదు! అది నాదే!" భోరుమంది. "ముట్లు ఆగిపోయి ఎన్నో ఏళ్లయింది. మొన్నామధ్య మళ్లీ కనబడింది... మొదట చిన్న మరకే. తర్వాత ఎక్కువైంది. వేడి చేసిందేమో, మిషను తొక్కీ తొక్కీ ఒళ్లు అలిసిందేమో అనుకున్నాను. మనవణ్ణి ఎత్తుకునే వయసులో ఈ సంగతి ఎవరితో చెప్పుకోను? సిగ్గుతో చచ్చిపోయాను వదినా!"

ఇక ఇంటి కప్పు లేచిపోవడం ఖాయమనుకుంది. కానీ వార్డెనమ్మ మంచం మీద చతికిలబడింది. గొంతు తగ్గించి అడిగింది.

"నొప్పుందా?"

"లేదు వదినా."

"లేదని ఊరుకున్నావా, పిచ్చిదానా! ముట్లాగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా అది నెలసరి కాదే! వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి. మా హాస్టల్లో వంటావిడ ఇలాగే దాచి దాచి..." మాట మింగేసింది. మరదల్ని దగ్గరకు లాక్కుని చీరకొంగుతో ముఖం తుడిచింది. "రేపు పొద్దున్నే వెళ్తున్నాం. నీకు సిగ్గయితే నేను చెబుతాను. నాకెలాగూ సిగ్గు లేదుగా!"

అన్నట్టే తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విన్నది. "భయపడకండమ్మా. చాలామందిలో కారణం చిన్నదే ఉంటుంది. గర్భసంచి లోపలి పొర పల్చబడటమో, చిన్న కండ పెరగడమో. కానీ కొందరికి క్యాన్సరు ఇచ్చే మొదటి హెచ్చరిక ఇదే. చూడకుండా చెప్పలేం," అంది. స్కానింగు చేశారు. గర్భసంచి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో ముద్ద ఎవరికీ సయించలేదు. ఆ రోజుల్లోనే అడిగింది మరదలు తన భర్తని, "ఎందుకండీ ఆ నింద మీద వేసుకున్నారు?" అని.

"నీ ముఖం పాలిపోవడం చూశాను. అసలు సంగతి నాకేం తెలుసు? ముందు అక్క నోరు నీ మీంచి మళ్లితే చాలనిపించింది," అన్నాడాయన. ఆమెకు ఏడుపు ఆగలేదు.

క్యాన్సరే! కానీ మొదట్లోనే దొరికింది, గర్భసంచి దాటలేదు. ఆపరేషను చేసి తీసేశారు. తీసినదాన్ని పరీక్షించి, వేరే చికిత్స అక్కర్లేదనీ, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకుంటే చాలనీ డాక్టరమ్మ చెప్పింది. "ఇంకొన్నాళ్లు దాచి ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదమ్మా!"

ఆ మాటతో వార్డెనమ్మ దుఃఖం కట్టలు తెంచుకుంది. "ఒరేయ్ తమ్ముడూ... నోరు జారానురా!"

"పోనీలే అక్కా. ఈ వయసులో నాకో ఆవిడ ఉంటుందని నమ్మావు, అదే పదివేలు!"

ఏడుస్తున్న వాళ్లు కాస్తా పకపకా నవ్వారు. కుట్లు లాగి మరదలు పొట్ట పట్టుకుంది.

"నిన్ను కాపాడింది నా తెలివి కాదే... నా పాడుబుద్ధి!" అంది వార్డెనమ్మ ముక్కు చీదుతూ.

"ఆ పాడుబుద్ధికే దండం పెడతాను వదినా! మీరు బీరువా తెరవకపోతే నేనేమైపోయేదాన్ని?"

ఇంటికి చేరాక వార్డెనమ్మ తన బట్టలు పెట్టెలో సర్దుకుంటోంది. మరదలు గోడ పట్టుకుని మెల్లగా గదిలోకి వచ్చి, సర్దిన చీరల్ని ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది.

"ఇంకొన్నాళ్లు ఉండండి వదినా," అంది. ఇన్నేళ్లలో ఆ మాట మనసారా అనడం అదే మొదటిసారి.