మాణిక్‌రెడ్డి కుటుంబ కంపెనీ

వికారాబాద్ స్టేషన్ రోడ్డులోని డిటెక్టివ్ నిరోషా ఆఫీసుకు మల్లీశ్వరి ఏడుస్తూ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఆయన శంకరప్ప తాండూరుల బండలు కోస్తడు మేడం. మొన్న బ్లేడు పలిగి ముక్క కంట్ల గుచ్చుకుంది. కన్ను పోయింది. తాగొచ్చి కొత్త మిషన్ ఖరాబ్ చేసిండని సేటు కేసు పెడ్తుండు. దవాఖాన నుంచి సీదా జైలుకు తోల్కపోతరట. ఆయన మందు ముట్టడు మేడం!"

"ఆ రోజు వేసుకున్న బట్టలున్నాయా?"

అసిస్టెంట్ బాల్‌రాజ్‌కు ఆ ప్రశ్న వింతగా తోచింది. రిటైరైన హెడ్ కానిస్టేబుల్ అతను. నిరోషా ప్రశ్నలు మొదట అర్థం కాకపోవడం, తర్వాత నోరెళ్లబెట్టడం అతనికి అలవాటే.

మల్లీశ్వరి సంచిలోంచి కంపెనీవాళ్లిచ్చిన తెల్ల టీషర్టు తీసింది. నెత్తుటి మరకలున్నాయి. నిరోషా విదిలిస్తే సన్నటి రాతిపొడి రాలింది.

"రోజూ బురదల పొర్లినట్టు వస్తుండె. ఉతకలేక సచ్చేదాన్ని" అంది మల్లీశ్వరి.

తాండూరు ఫ్యాక్టరీలో యజమాని మాణిక్‌రెడ్డి స్వయంగా ఎదురొచ్చి చాయ్ తెప్పించాడు.

"మాది కంపెనీ కాదు మేడం, కుటుంబం."

గోడ మీదా అదే రాసుంది. ప్రమాదం జరిగిన పూట తీసిన ప్రచార వీడియోను గొప్పగా టీవీలో చూపించాడు. పేరు 'రేపటి కంపెనీ'. తిరుగుతున్న మిషన్ పక్కన, తళతళలాడే నేల మీద, తెల్ల టీషర్టుల్లో కూలీలంతా నవ్వుతున్నారు. వాళ్ల నవ్వులు చూస్తే బాల్‌రాజ్‌కు చాయ్ సయించలేదు.

"ఇగ ముందు ముందు అంత మా సుశాంతే. ఇప్పటిసంది తయారు చేస్తున్న. నీళ్ల మోటారు రూం తాళంచెవి సుత వాని జేబులనే ఉంటది" అంటూ కొడుకు భుజం తట్టాడు.

నిరోషా మిషన్ దగ్గరికి వెళ్లింది. పగిలిన బ్లేడు అంచు మాడి నల్లబడింది. చుట్టూ రాతిపొడి పేరుకుంది. పక్క మిషన్ కింద మాత్రం బురద పారుతోంది.

కాసేపటికి, గేటు దగ్గర ఆగిన మల్లీశ్వరితో సహా అందరినీ షెడ్డులోకి పిలిపించింది. కేసు రాయడానికి మాణిక్‌రెడ్డే పిలిపించుకున్న ఎస్సై కూడా ఉన్నాడు.

"కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పడుతూనే ఉండాలి. నీళ్లుంటే బురదవుతుంది, పొడి లేవదు. శంకరప్ప టీషర్టు మీద బురద చుక్క లేదు, ఉన్నదంతా పొడే. వీడియోలోనూ నేల మీద చుక్క తడి లేదు. బురద లేకుండా వీడియో అందంగా రావాలని ఎవరో మోటారు ఆపారు. బ్లేడు వేడెక్కి పగిలింది. ఎవరు ఆపారు?"

అంతమంది మనుషులు ఒక్కసారిగా నేల చూపులు చూశారు. ఏళ్ల తరబడి మాణిక్‌రెడ్డి ఈ కుటుంబానికి నేర్పిన సంస్కారం ఇదీ!

మాణిక్‌రెడ్డి సూపర్‌వైజర్ నవీన్‌కుమార్ వైపు చూశాడు. చూశాడంతే.

"నేనే మేడం. తప్పు నాదే" అన్నాడు నవీన్‌కుమార్, హాజరు పలికినట్టు.



"అయితే మోటారు రూం తాళంచెవి చూపించండి" అంది నిరోషా.

నవీన్‌కుమార్ చెయ్యి జేబులోకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. అప్పుడు సుశాంత్ తన జేబులోంచి తాళంచెవి తీసి, ఏమీ ఆలోచించకుండా, అతని చేతిలో పెట్టబోయాడు. తన తప్పులు ఇంకొకరు మోయడం పుట్టినప్పటినుంచీ చూస్తున్నవాడు మరి. ఎస్సై మధ్యలోనే అందుకున్నాడు.

"ఆపింది మీరే కదూ?" అంది నిరోషా.

సుశాంత్ తండ్రి వైపు చూశాడు. "నీళ్లు లేవని శంకరప్ప మొత్తుకున్నడు డాడీ. షాట్ అయ్యేదాంక నడుపమన్న..."

"అరే బేవకూఫ్! గింతమంది ముంగట తాళంచెవి ఇస్తరా?" అని మాణిక్‌రెడ్డి కొడుకు మీద విరుచుకుపడ్డాడు. పోయిన కన్ను మాట ఆ నోట రాలేదు. దొంగలతో, హంతకులతో సర్వీసంతా గడిపిన బాల్‌రాజ్‌కు ఏ మనిషి మీదా ఇంత రోత పుట్టలేదు.

"సారూ, మా ఆయన మీద కేసు..." అంది మల్లీశ్వరి.

"లేదమ్మా. ఇక వీళ్ల మీదే" అన్నాడు ఎస్సై.

ఆమె కళ్లు తుడుచుకుని నవీన్‌కుమార్ ముందుకెళ్లి నిలబడింది.

"రోజూ ఆయన సద్దిల చెయ్యి పెట్టి తింటివి గదనే అన్నా. తాగలేదని ఒక్క మాట చెప్పకపోతివి."

నవీన్‌కుమార్ తలెత్తలేదు. వెనకనున్నవాళ్లూ ఎత్తలేదు.