మూడో షెడ్డులో మూలిగే ఎగిరే పడవ

మా ఊరి రేవులో మూడో షెడ్డు పేరెత్తితే చాలు, కబుర్లాడే మగాళ్ళు కూడా పైపులార్పి లేచిపోతారు. అందులో సైన్యం వాళ్ళ కొత్త ఎగిరే పడవ ఉంది. నీళ్ళ మీంచి లేచే విమానం. ఇంకా పరీక్షల్లోనే ఉంది. చీకటి పడితే దాని పొట్టలోంచి మూలుగు... మెకానిక్కులు దాచుకున్న రొట్టెముక్కలు మాయం.

ఆకలేసే దెయ్యమేమిటని నేను నవ్వాను. ఈ సంగతి చెప్పిన మా అక్క ఎథెల్ మాత్రం నవ్వలేదు.

అక్క ఆ పడవ రెక్కలకి గుడ్డ కుట్టేది. కాబోయే బావ విల్‌ఫ్రెడ్ అక్కడే పావురాలు చూసుకునేవాడు. నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే, కాలికి చీటీ కట్టి పావురాన్ని వదులుతారు. అది గూటికి చేరి కబురందించాలి. కిందటి పరీక్షలో మూడింటిని వదిలారు. ఒక్కటీ గూటికి రాలేదు.

శనివారంలోగా అవి దొరక్కపోతే బావ ఉద్యోగం పోతుందన్నాడు అక్కడి కమాండరు. ఉద్యోగంతోపాటు వాళ్ళిచ్చిన ఇల్లూ పోతుంది. ఇల్లు లేనివాడికి పిల్లనివ్వనన్నాడు మా నాన్న.

శుక్రవారం సాయంత్రం అక్క ఒక్కతే రెక్క కుడుతోంది. కత్తెర జారి పడవ పొట్టలో పడింది. దిగక తప్పలేదు.

లోపల కటిక చీకటి... తోక వైపు నుంచి —

"ఊఁ... ఊఁ..."

"ఎవరది?" అంది అక్క.

మూలుగు ఆగింది. మెడ మీద చల్లగా ఏదో నడిచింది... నెమ్మదిగా నెత్తికెక్కి కూర్చుంది.

అక్క ప్రార్థన మొదలెట్టింది. భయంలో నోటికొచ్చింది భోజనానికి ముందు చెప్పే ప్రార్థన — ఆకలి మీదున్న దెయ్యం ముందు!

అంతలో పైనుంచి లాంతరు వెలుగు. ఆమెని వెతుక్కుంటూ వచ్చిన బావ.

"కదలకు, ఎథెల్," అన్నాడు గుసగుసగా. "నీ నెత్తి మీద గ్లాడిస్ ఉంది."

"గ్లాడిసెవరు?" అక్క గొంతులో భయం పోయి ఇంకేదో చేరింది.

"పావురమే తల్లీ!"

తోకలో మిగతా రెండూ రొట్టెముక్కల మీద పడుకుని మూలుగుతున్నాయి. చలికాలంలో గాలివానకి గూటి కప్పు ఎగిరిపోతే, అప్పటికి పిల్లలైన ఈ మూడింటినీ బావ ఈ తోకలోనే దాచి పెంచాడట. వాటికి ఇల్లంటే ఇదే.

మర్నాడు కమాండరు అంతా విన్నాడు.

"అంటే, పడవ మునుగుతుంటే మా వాళ్ళు వదిలిన చీటీ..."

"మళ్ళీ ఆ పడవకే వస్తుందండి," అన్నాడు బావ. "అవి దారి మాత్రం ఎన్నడూ తప్పవు."

కమాండరు తలుపు మూసొచ్చాడు.

"ఉద్యోగం నీదే. కొత్త పిట్టల్ని పెంచు. ఈలోగా ఈ మాట పైలట్ల చెవిన పడిందో..."