యక్షిణి ఇచ్చిన మరపు తేనె

కీలాద్రి రాజ్యాన్ని శత్రువులు ముట్టడించి, ఊళ్ళన్నీ తగలబెట్టి పోయారు. యుద్ధం ముగిసినా జనానికి కంటిమీద కునుకు లేదు. అలాంటప్పుడు, కొండమీది యక్షిణి దగ్గర నీలి తేనె ఉందనీ, అది తాగితే అన్నీ మరిచిపోవచ్చుననీ తెలిసింది. మొదట చుక్క తాగినవాళ్ళు తరవాత దొప్పెడు తాగారు. చివరికి అది లేనిదే చేతులు వణికి, అన్నం ముద్ద కూడా ఎత్తలేకపోయారు. రాజు విక్రమకేతుడు వాళ్ళను కొరడాలతో కొట్టించాడు. దెబ్బలు తిన్నవాళ్ళు మరింత తాగారు.

కోట తలుపుల కావలివాడు ఓబన్న గతీ అంతే అయింది. అతని కూతురు చెంగల్వకు తండ్రి తప్ప దిక్కు లేదు. యుద్ధకాలంలో తల్లి జ్వరంతో పోయిందని ఓబన్న చెప్పాడు. తండ్రికి పట్టిన మాయ వదిలించాలని ఆ పిల్ల ఒంటరిగా అడవిదారి పట్టింది.

కనుమలో ఒక ఎలుగుబంటి అరుస్తూ మీదికి వచ్చింది. చెంగల్వ చెట్టు చాటుకు తప్పుకుని, దాని భుజంలో విరిగిన బాణం చూసింది.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది.

ఎలుగుబంటి ఆగిపోయింది. "అందరూ పారిపోయారు గాని, ఈ మాట ఎవరూ అడగలేదు," అన్నది.

చెంగల్వ బాణం లాగి, ఆకుపసరు పిండింది. ఎలుగుబంటి ఆమెను వీపున ఎక్కించుకుని, నిప్పులు కక్కే తేనెటీగల గుంపును దాటించి శిఖరానికి చేర్చింది.

"నీ మాయ తీసెయ్యి!" అని చెంగల్వ యక్షిణిని నిలదీసింది.

"నేనే మాయా వెయ్యలేదమ్మా. ఏడుస్తూ వచ్చారు, ఇచ్చాను. తేనె మత్తు దిగగానే బాధ పైకొస్తుంది, మళ్ళీ వస్తారు. ఆపడం నాకూ చేతకాలేదు," అన్నది యక్షిణి. "మీ నాన్న ఏం మరిచిపోవాలనుకుంటున్నాడో అడుగు. విన్నాక కూడా నువ్వు అక్కడే కూర్చోగలిగితే అతనికి దారి ఉంది. అది కష్టం, తల్లీ."

చెంగల్వ ఇంటికి వచ్చి అడిగింది. ఓబన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటే చూస్తూ చెప్పాడు.

"మీ అమ్మ జ్వరంతో పోలేదే. శత్రువులు వస్తున్నారు, తలుపులు ముయ్యమని రాజుగారి ఆజ్ఞ. మూశాను. బయటినుంచి మీ అమ్మ తలుపు బాదింది. గొంతు గుర్తుపట్టాను. అయినా గడియ తియ్యలేదు. కళ్ళు మూస్తే ఆ చప్పుడే."

చెంగల్వకు అక్కణ్ణించి పరుగెత్తి పోవాలనిపించింది. కాని లేవలేదు. "అమ్మ ఏమని పిలిచింది నాన్నా?" అంటూ తండ్రి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

ఈ సంగతి విని విక్రమకేతుడు ఓబన్న ఇంటికి వచ్చి, నేలమీద కూర్చున్నాడు. "ఆజ్ఞ నాది, ఓబన్నా. కొరడా దెబ్బలు నీకు పడ్డాయి," అన్నాడు. ఆనాటినుంచి కొరడాలు ఆగాయి. ఇంటింటా ఎవరో ఒకరు పక్కన కూర్చుని వినసాగారు. కొండకు పోయినవాళ్ళలో కొందరు మాత్రం తిరిగి రానేలేదు.

ఓబన్న ఆ తరవాత కూడా ఎన్నోసార్లు తేనె తాగాడు, ఎన్నోసార్లు మానాడు. కొన్నేళ్ళకు చెంగల్వ పెళ్ళి జరిగింది. పందిట్లో అతను భార్య పేరు తలుచుకుని, అందరి ఎదుటా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ రోజు అతను తేనె ముట్టలేదు.