మూడో మాట

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో నేను తారుమారు చేస్తానేమో. ఈ మధ్య అట్లాగే అవుతోంది. అందుకే గుర్తున్నప్పుడే రాసి పెడుతున్నాను.

భూపాలపల్లిలో రోడ్డు వైపు తెరుచుకునే ఒక రేకుల గది మా దుకాణం. మా చెల్లెలి కొడుకు ఐలేశ్ అక్కడ పొలం మోటార్లకు ఫోన్ స్టార్టర్లు తయారు చేసేవాడు. బావి దగ్గర బిగించిన ఆ డబ్బా రైతుకు ఫోన్ చేసి నాలుగు మాటలు చెబుతుంది. మోటారు నడుస్తంది. మోటారు బందైంది. కరెంటు ఉన్నది. కరెంటు లేదు. నాలుగూ ఐలేశ్ గొంతుతోనే.

ఆ మాటలను గోరంత చిప్పులోకి ఎక్కించే పని నాది. బడి మెట్లెక్కకుండా, పొట్లాల కాగితాలు చూసి చదువు నేర్చుకున్నదాన్ని. వాడే నన్ను కూర్చోబెట్టి నేర్పాడు. అరచేయంత మిషను. దాని మీద చిప్పు పెట్టే గాడి, పక్కన చిన్న మీట. చిప్పు పెట్టి, మీట వంచి, ల్యాప్‌టాప్‌లోంచి మాటలు వరసగా ఎక్కించాలి. వరస తప్పితే డబ్బా ఉన్న కరెంటును లేదంటుంది.

"పెద్దమ్మా, నీ చేతుల మా పానాలున్నయి" అని నవ్వేవాడు.

శ్రావణంలో టేకుమట్ల దగ్గరి తండాలో ఒక స్టార్టరు విప్పుతూ కరెంటు తగిలి పోయాడు. విప్పే ముందు ఆ డబ్బా వాడికి ఫోన్ చేసిందట. ఏం చెప్పిందో విన్నది వాడొక్కడే. దాంట్లో చిప్పు నేను ఎక్కించిందే.

వాడి భార్య పద్మలత నన్ను ఒక్క మాట అనలేదు. దుకాణం తనే నడుపుతోంది. కాకపోతే నేను ఎక్కించిన ప్రతి చిప్పునూ చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ వింటుంది.

దసరా వెళ్లిన వారానికి ముసురు పట్టింది. పద్మలత సామాన్ల కోసం జనగామ పోయింది. మధ్యాహ్నం ఆ తండా రైతు లచ్చిరాం ఏదో తువ్వాలలో చుట్టుకొని వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప మీదే పెట్టాడు. ఐలేశ్ విప్పిన ఆ డబ్బానే.

"గిది మాకొద్దవ్వా. వైర్లు కోసి అటుక మీద పడేసినం. అయినా రోజూ నాలుగింటికి ఫోన్ చేస్తంది."

"ఏమంటది?"

"ఏం చెప్పదు. అడుగుతది."

ఏం అడుగుతుందో చెప్పకుండానే వానలో వెళ్లిపోయాడు.

పద్మలత వచ్చేలోపే తెలుసుకోవాలనుకున్నాను. మూడో మాట "ఉన్నది" అని వస్తే నా తప్పు లేదు. "లేదు" అని వస్తే ఐలేశ్‌ను చంపింది నేనే. ఆ సంగతి పద్మలతకు నా నోటితోనే చెప్పాలి.

చిప్పు ఊడదీసి గాడిలో పెట్టాను. ఎర్ర దీపం. చిప్పు అందలేదని అర్థం. చిప్పు కాళ్లను రబ్బరుతో రుద్దాను. వైరు మార్చాను. మళ్లీ ఎర్రదే. టార్చి వేసి భూతద్దంతో చూస్తే గాడి రంధ్రాల్లో పసుపు. దసరానాడు పనిముట్లన్నిటితో పాటు మిషనుకూ పసుపు కుంకుమ పెట్టాను. గాడి మీద మూత వేయడం మరిచాను.

పళ్ల బ్రష్షును స్పిరిట్‌లో ముంచి తుడిచాను. పసుపు వచ్చింది. ఇంకా తుడిచాను. ఇంకా వచ్చింది. ఆ తర్వాత నల్లగా వచ్చింది. వేళ్ల మధ్య నలిపి చూశాను. తడి రేగడి మన్ను.

మిషను ఏనాడూ బల్ల దిగలేదు.

స్పిరిట్ వాసన కింద ఇంకో వాసన. వెంట్రుకలు కమిలినట్టు...

వాన పెరిగింది. నాలుగు కావస్తుండగా బల్బు ఆరిపోయింది. మా గదికి మూడు ఫేజులు. ఒకటే పోయింది. పక్కన స్టార్టర్లు పరీక్షించే టెస్టు బోర్డు మీద, ఫేజుకొకటి ఉన్న మూడు దీపాల్లో రెండు వెలుగుతూనే ఉన్నాయి. ఆ దీపాలు నేను కూర్చునే వైపుకే కనిపిస్తాయి, తలుపు వైపుకు కనిపించవు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది.

చిప్పు మళ్లీ గాడిలో పెట్టి మీట వంచితే పచ్చ దీపం వచ్చింది. మూడో మాట నొక్కాను.

"కరెంటు ఉన్నది."

కళ్లలో నీళ్లు తిరిగాయి. నమ్మకం కోసం మళ్లీ నొక్కాను.

"కరెంటు లేదు."

మళ్లీ. ఉన్నది. మళ్లీ. లేదు. ప్రతిసారీ అంతా సరిగ్గానే ఉందని తెర మీద రాసి వస్తోంది. మీట ఎత్తి చిప్పు తీసి పిడికిట్లో బిగించాను. గాడి ఖాళీ. పచ్చ దీపం మాత్రం ఆరలేదు.

"పెద్దమ్మా..."

ఆ మాట మేం ఎన్నడూ ఎక్కించలేదు.

"పెద్దమ్మా... కరెంటు ఉన్నదా?"

అంతలోనే తలుపు తెరుచుకుంది. పద్మలత. తల నుంచి కాళ్ల దాకా తడిసి ఉంది. పైరేకు సందులోంచి నీళ్లు టెస్టు బోర్డు మీద కారుతున్నాయి. అది చూసి సంచి కింద పడేసి, వైర్లు పక్కకు లాగడానికి చెయ్యి చాచింది.

"అత్తమ్మా, కరెంటు ఉన్నదా?"

ఉన్నదని అరిచాను. అరిచిన గుర్తు నాకు ఉంది. గొంతు మంట పుట్టేటట్టు అరిచాను. కానీ గదిలో వినపడింది ఒక్కటే మాట.

"లేదు."

తెల్లటి మెరుపు. చిటపట. తర్వాత చీకటి... ఆ వాసన...

ఎంతసేపటికో పద్మలత మాట వినపడింది. చాలా దగ్గరగా. కోపం లేదు అందులో.

"నువ్వే లేదన్నవ్ గద, అత్తమ్మా."

చీకట్లో చేతులు చాచి ఆమె కోసం తడిమాను.

"నాకేం గాలె. పో, పండుకో."

నాలుగు రోజులైంది. ఇప్పుడు కూడా వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడుతోంది. వాడకట్టు వాళ్లు వచ్చి నా ముందు కూర్చుని, మెల్లగా మాట్లాడుకుని లేచిపోతున్నారు. పద్మలతను చాయ్ పెట్టమంటాను అంటే వాళ్లలో యాకయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. ఎందుకో అడగలేదు. పద్మలత చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. నాలుగు రోజులుగా ఎండ కొడుతోంది. అవి ఇంకా ఆరలేదు. ఇందాక ముట్టుకుంటే నీళ్లు కారాయి.

మానుకోట నుంచి నా బిడ్డ గీత రేపు వస్తానన్నది. గీతా, రాగానే ఇది చదువు. పేర్లు జర సరిచూడు. ఐలేశ్ పోయాడని, పద్మలత ఉన్నదని రాశాను. వరస తప్పలేదు కదా?