ఇద్దరు తిప్పిన డిస్ట్రిబ్యూటర్

కార్ల షెడ్డులో చేరిన రోజే కొత్త మెకానిక్, పెద్దమేస్త్రీ కూతురి చేతిలోని స్పానర్ లాక్కుని, "ఇవ్వండి, చేతులు పాడవుతాయి," అన్నాడు. పుట్టినప్పటి నుంచి ఆ షెడ్డులోనే తిరుగుతున్న పిల్లకి ఎంత దయ! ఆమె అప్పటి నుంచి అతనితో మాట్లాడటం మానేసింది.

డాక్టరుగారి పాత కారు మళ్ళీ వచ్చింది.

"ఒకసారి టకటకలాడుతుంది, ఇంకోసారి ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంది. ఇక్కడికి తెచ్చాకే ఈ రోగాలన్నీ," అని తిట్టి వెళ్ళారాయన.

"ఈ పూటలో బాగవ్వకపోతే నువ్వు వేరే పని చూసుకో," అన్నాడు పెద్దమేస్త్రీ కొత్తవాడితో.

ఆమె సంతోషించాలి. తీరా చూస్తే గుండెల్లో కలుక్కుమంది. విసుగ్గా బానెట్ ఎత్తింది. స్పార్క్ ఎప్పుడు రావాలో చూసే డిస్ట్రిబ్యూటర్ తను బిగించిన చోటు నుంచి పక్కకి తిరిగి ఉంది.

"దీన్నెవరు తిప్పారు?"

అతను ఉలిక్కిపడ్డాడు. ఆమె గొంతు విని చాలా రోజులైంది మరి.

"నేనే. స్పార్క్ ఆలస్యంగా వస్తోంది. అలాగైతే బండి ఏం లాగుతుంది?"

"ఆలస్యం చేసింది నేను. అంతకుముందు మరీ తొందరగా వచ్చేది. పిస్టన్ ఇంకా పైకి రాకముందే పెట్రోలు అంటుకుంటే టకటకలాడక జోలపాడుతుందా?"

"తొందరగా వచ్చేలా పెట్టింది కూడా... నేనే."

"ఆహా! ఏం ప్రతిభండీ!"

"మీరు వెనక్కి తిప్పారని చెప్పారా?"

"మీరడిగారా?"

ఒకరు సరిచేసింది ఇంకొకరు సరిచేస్తూ, ఇంత శ్రద్ధగా కారు పాడుచేసినవాళ్ళు ఇంకెక్కడా ఉండరు.

"తప్పంతా నాదేనని మేస్త్రీగారికి చెప్పి వెళ్ళిపోతాను," అన్నాడతను.

"త్యాగాలు తర్వాత. ఎక్కి స్టార్ట్ చెయ్యండి."

ఆమె బోల్టు వదులు చేసి డిస్ట్రిబ్యూటర్ తిప్పింది. అతను యాక్సిలరేటర్ తొక్కాడు.

"టకటక వినిపిస్తోందా?"

"కొంచెం... వెనక్కి. ఇంకాస్త. ఆఁ, చాలు!"

ఇంజన్ సాఫీగా తిరిగింది. ఆమె బోల్టు బిగించింది. అతను కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ హోరులో ఏదో అన్నాడు.

"ఏంటీ?"

"మీరంటే నాకిష్టం!"

ఆమెకి చెవులు ఎర్రబడ్డాయి. "ఇంజన్ ఆపి చెప్పండి. నాన్నకీ వినపడాలి."

పాపం, ఆపాడు. షెడ్డంతా నిశ్శబ్దం. పెద్దమేస్త్రీ తలెత్తాడు.

"మేస్త్రీగారూ... మీ అమ్మాయంటే నాకిష్టమండీ."

ఆయన కూతురి వంక చూశాడు. ఆమె రేడియేటర్‌ని మహా శ్రద్ధగా తుడుస్తోంది.

"అమ్మయ్య," అన్నాడాయన. "ఇకనైనా మాట్లాడుకుని పనిచేస్తారు. వెళ్ళి కారు అప్పజెప్పి రండి. ఇద్దరూ!"