నాన్న రాసిన ఆరు కాగితాలు

ఆవేళ కూడా సుపాని చీకటుండగానే లేచి జిగురు బియ్యం ఆవిరికి పెట్టింది. వీధిలోంచి వరసగా వచ్చిన బౌద్ధ భిక్షువులకు నాన్న వేడి అన్నం ముద్దలు వేసి, దణ్ణం పెట్టి, మెట్లెక్కి వచ్చాడు. తండ్రీకూతుళ్లు చాప మీద కూర్చున్నారు. ఉడికించిన వంకాయలు, మిరపకాయల నూరుడు, కాల్చిన చేప, అన్నీ ముందున్నాయి. సుపానికి మాత్రం ముద్ద దిగడం లేదు.

పదింటికి ఆఫీసులో మీటింగు. సుపాని జిల్లా ఆరోగ్య కార్యాలయంలో లెక్కలు రాస్తుంది. రొమ్ము క్యాన్సర్‌తో దేశంలో ఏటా లక్షకి ఎంతమంది ఆడవాళ్లు పోతున్నారు, తమ జిల్లాలో ఎంతమంది పోతున్నారు, పదేళ్లలో అది పెరిగిందా తగ్గిందా అని పక్కపక్కన గీతలు గీసి చూపించాలి. గీసింది. దేశం గీత ఏటేటా పైకి పోతోంది, జిల్లా గీత కిందికి జారుతోంది. అది చూసి పై అధికారి పొంగిపోయాడు. ఇంత బాగున్న జిల్లాకి రొమ్ము పరీక్షల బస్సు దేనికి, వచ్చే ఏడాది పక్క జిల్లాకి పంపేద్దాం అని అప్పుడే అనేశాడు కూడా. మీటింగులో నలుగురూ తలూపితే బస్సు పోయినట్టే.

సుపాని కూడా తలూపేదే. కానీ రెండు వారాల కిందట చెల్లెలు మలివన్ ఆమెను గదిలోకి పిలిచి, తలుపేసి, అక్క చెయ్యి తీసుకుని తన రొమ్ము మీద ఒకచోట పెట్టింది. చింతగింజంత గడ్డ. ఊళ్లో ఆరోగ్య కేంద్రంలో చూపించుకుందట. మీ ఇంట్లో ఎవరికైనా ఉండేదా అని నర్సు అడిగితే ఎవరికీ లేదందట. ముప్ఫై నాలుగేళ్లే కదా, కంగారేం లేదు, నాలుగు నెలలాగి రమ్మన్నారట. నాన్నకి చెప్పావంటే నామీద ఒట్టే అని కూడా అంది.

అప్పటినుంచీ సుపానికి కంటిమీద కునుకు లేదు. పెద్దాసుపత్రిలో ఈ జబ్బుకి పేరు రాయించుకున్న వాళ్ల జాబితా తెప్పించి, చనిపోయినవాళ్ల జాబితా పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ కలిపి చూసింది. రెండింట్లోనూ ఉన్నవాళ్లు నలభై ఒక్కరు. వాళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో పోయినట్టు నమోదైంది పదముగ్గురే. తక్కినవాళ్లంతా గుండె ఆగి పోయారట, లేకపోతే ముసలితనంతో పోయారట. నలభై ఆరేళ్లకి ముసలితనం ఏమిటో, రాసినవాళ్లకే తెలియాలి.

ఇంట్లో పోయినవాళ్లకి కారణం రాసిచ్చేది ఊరిపెద్ద. అలా తప్పు రాసినవాటిలో తమ ఊరి కాగితాలు ఆరున్నాయి. ఊరిపెద్ద ఇరవై ఏళ్లుగా నాన్న కమ్‌పనే. ఆరో పేరు దగ్గర సుపాని వేలు ఆగిపోయింది. ఆ పేరు బువాలై, తొమ్మిదేళ్ల కిందట పోయిన తన తల్లిది. నిన్న సాయంత్రం సంగతి అది. తల్లి జబ్బు నిన్నటిదాకా తనకే తెలియదు, చెల్లెలికి ఇంకా తెలియదు, చెల్లెలి గడ్డ నాన్నకి తెలియదు. మధ్యలో తను నలిగిపోతోంది.

"నాన్నా, అమ్మ ఎలా పోయింది?" అంది.

కమ్‌పన్ చేప ముల్లు తీస్తూ తలెత్తలేదు. "పొద్దున్నే అదేం ప్రశ్న? గుండె ఆగి పోయింది. నీకు తెలియందా?"

"అందరికీ చివరికి గుండే ఆగుతుంది నాన్నా. అంతకుముందు ఏమైందని అడుగుతున్నా."

ఆసుపత్రి జాబితా చాప మీద పెట్టి తల్లి పేరు మీద వేలుంచింది. కమ్‌పన్ మొహం జేవురించింది. ఆఫీసు లెక్కల్లోకి చచ్చిపోయిన తల్లిని లాగుతావా, నాలుగు అక్షరాలు వచ్చేసరికి కన్నతండ్రినే నిలదీస్తావా అని కసిరాడు. సుపాని వేలు తియ్యలేదు. తిట్టీ తిట్టీ ఆయన గొంతే తగ్గింది.

"దహనం ముందు పోయినవాళ్ల జీవితచరిత్ర చదువుతారు కదా, కాగితంలో రాసిన జబ్బు పేరుతో సహా," అన్నాడు. "భిక్షువులు, మగాళ్లు, ఊరంతా కూర్చుని వింటారు. అంతమంది ముందు నా రొమ్ము మాట చదివించకు అంది మీ అమ్మ. పోయేముందు అడిగిన మాట. కాదనమంటావా?"

"మరి తక్కిన ఐదుగురూ?"

"వాళ్ల మొగుళ్లూ వచ్చి అదే అడిగారు. నా పెళ్లానికి చేసుకున్నది వాళ్లకి చెయ్యననా?"

సుపానికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇలా ప్రతి ఊరిపెద్దా మొహమాటానికి పోబట్టే జిల్లా గీత కిందికి జారిందని, బస్సు పోతోందని, రేపు ఇంకెందరు పోతారో ఎవరికి తెలుసని అడిగింది. రాత్రే రాసి ఉంచిన కాగితం తీసి ముందుకు తోసింది. ఈ ఆరుగురి జబ్బు తెలిసీ వేరే కారణం రాశానని ఒప్పుకుంటూ ఆయన సంతకం పెట్టాలి.

"పెట్టను," అన్నాడు కమ్‌పన్. "ఈ పదవి పోతే పోనీ, నాకు లెక్కలేదు. మీ అమ్మకిచ్చిన మాట తప్పను."

"మాటిచ్చింది చచ్చిపోయినవాళ్లకి. బతికున్నవాళ్ల సంగతేంటి నాన్నా?"

ఒట్టు గుర్తొచ్చి సుపాని పెదవి కొరుక్కుంది. ఇంకొక్క మాటంటే చెల్లెలి విషయం బయటపడుతుంది. అనకపోతే చెల్లెలే దక్కదేమో. ఏం చెయ్యాలో తోచక తల తిప్పేసరికి మెట్ల మీద మలివన్ కనిపించింది. కింద పొయ్యి మీంచి దించి తెచ్చిన పులుసు గిన్నె చేతిలో ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో, మొహంలో నెత్తురు చుక్క లేదు.

మలివన్ గిన్నె కింద పెట్టింది. "అక్కా, నర్సు అడిగితే మా ఇంట్లో ఎవరికీ లేదన్నానే," అంది మెల్లగా.

"ఏ నర్సు?" అన్నాడు కమ్‌పన్. చిన్నకూతురి వైపు తిరిగాడు. "ఏ నర్సమ్మా?"

"నాకూ గడ్డ ఉంది నాన్నా. మూడు నెలలైంది."

కమ్‌పన్ కూర్చున్నచోటే కూలబడిపోయాడు. "ఎంతుంది?" అన్నాడు. చింతగింజంత అంది మలివన్. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "మీ అమ్మా అంతే అంది. ఏడాదిపాటు నాకు చూపించలేదు. చూపించాక నేను పసర్లు కట్టించాను. ఊరికి తెలియకూడదని గుడి ఉత్సవానికని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాను. అప్పటికే చెయ్యి దాటిపోయింది. దాన్ని నేనే చంపుకున్నాను తల్లీ. నిన్నూ చంపబోయాను."

కూతుళ్లిద్దరూ చెరోపక్కా చేరి ఆయన్ని పట్టుకున్నారు. ముగ్గురూ తొమ్మిదేళ్ల కిందట ఏడవాల్సిన ఏడుపు అప్పుడు ఏడ్చారు. మొదట తేరుకున్నది కమ్‌పనే. కాగితం అందుకుని సంతకం పెట్టి, సుపాని చేతిలో పెట్టాడు. తర్వాత కిందికి దిగి, ఊరి కబుర్లు చెప్పే మైకు ముందు కూర్చున్నాడు. స్తంభాలకి కట్టిన స్పీకర్లన్నీ ఒక్కసారి గరగరలాడాయి.

"నేను ఊరిపెద్ద కమ్‌పన్‌ని. నా భార్య బువాలై రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. గుండె ఆగిందని అబద్ధం రాసింది నేను. ఇంకో ఐదు ఇళ్లకీ అలాగే రాశాను. వాళ్ల పేర్లు నేను చెప్పను. ఇవాళ మా చిన్నమ్మాయిని పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఎవరికైనా గడ్డ ఉంటే, అనుమానం ఉన్నా సరే, వచ్చెయ్యండి. బండిలో ఇంకో ఆరుగురికి చోటుంది."

మైకు ఆపడం మర్చిపోయాడు. "మాట తప్పానే బువాలై," అన్నది కూడా ఊరంతా వింది.

సుపాని, మలివన్ బట్టలు మార్చుకుని దిగేసరికి ఎనిమిదయింది. బండి దగ్గర ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నేత పని చేసే ఆవిడ మగ్గం మీదనుంచి లేచినట్టే వచ్చేసింది. కిరాణా కొట్టు ముసలమ్మ కోడలి రెక్క పట్టుకుని తెచ్చింది. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. కమ్‌పన్ ఎవరినీ ఏమీ అడక్కుండా వెనక తలుపు తీసి, ఒక్కొక్కరికీ చెయ్యి ఆసరా ఇచ్చి ఎక్కించాడు. సర్దుకోండమ్మా, ఇరుక్కునైనా పోదాం అంది ముసలమ్మ.

తనను దారిలో ఆఫీసు దగ్గర దింపమని చెప్పి సుపాని కూడా చివరన ఎక్కింది. సంతకం కాగితం బ్యాగులో భద్రంగా ఉంది. లెక్కల మనిషి కదా, అలవాటుగా వాళ్లను లెక్కపెట్టబోయింది. తొమ్మిది దాకా వచ్చింది. ఆ తర్వాత నీళ్లు నిండి కళ్లు కనపడలేదు.