జవాబిచ్చిన తొట్టి

రంగుల ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళు గడిచినా, దాని నేలతొట్టికి చెడ్డపేరు మాత్రం పోలేదు. చీకటి పడితే లోపల ఎవరో మసలుతారనేవారు. ఇప్పుడా స్థలంలో పచ్చటి కాలనీ లేచింది. ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలు, పాత పొగగొట్టం చుట్టూ కూరగాయల మడులు. తొట్టినేమో వాననీళ్ళు పట్టడానికి బాగుచేశారు.

"దెయ్యానికి కూడా ఓ ఫ్లాటు ఇచ్చేస్తే పోలా?" అని కొత్తగా దిగినవాళ్ళు నవ్వుకునేవారు.

ఫ్యాక్టరీ రోజుల నుంచీ ఉన్న పైపుల మేస్త్రి ఆ నవ్వుల్లో కలిసేవాడు కాదు. ఆయన తమ్ముడు పోయింది ఆ తొట్టిలోనే. వాల్వు తిప్పేముందు పైపు మీద మూడు దెబ్బలు కొట్టాలి. లోపల కడిగేవాడుంటే తిరిగి కొడతాడు — అదీ ఫ్యాక్టరీ పద్ధతి. ఆ రోజు తమ్ముడు లోపల ఉండగా ఎవరో కొట్టకుండానే తిప్పేశారు. అప్పటినుంచి మేస్త్రి మనసు మొద్దుబారిపోయింది. తిన్నా ఒకటే, తినకపోయినా ఒకటే.

ఓ రాత్రి మొదటి వాన విరుచుకుపడింది. మడులు మునిగిపోతున్నాయి. కాలనీ ఇంజనీరు తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"మేస్త్రీ, వాల్వు తిప్పేయండి! నీళ్ళు తొట్టిలోకి పోనివ్వండి! తొట్టిలో పూత పని అయిపోయింది, అందరూ వెళ్ళిపోయారు."

మేస్త్రి పానాతో పైపు మీద కొట్టాడు. అలవాటు... చచ్చినా పోదు కదా.

టంగ్... టంగ్... టంగ్...

లోపలినుంచి జవాబొచ్చింది. మూడు దెబ్బలు — నిదానంగా.

ఇంజనీరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "గాలి... పైపులో గాలేమో," అని గొణిగాడు. "తిప్పేయండి, మడులన్నీ పోతాయి."

"తిప్పను సార్."

మేస్త్రికి భయం వెయ్యలేదు. అదే ఆయనకి వింతగా తోచింది. మూత తీసి, టార్చి వేశాడు. అడుగున ఒక మనిషి పడున్నాడు.

పూత వేసే పనివాడు... ఆ పూత మందు ఘాటుకి సొమ్మసిల్లాడు. సాయంత్రం మూత వేసినవాళ్ళు లోపలికి తొంగి చూడనేలేదు. మేస్త్రి నిచ్చెన దించి, ఊపిరి బిగబట్టి దిగి, అతన్ని భుజాన వేసుకుని పైకి తెచ్చాడు.

మొహాన వాన పడేసరికి అతను కళ్ళు తెరిచాడు.

"అమ్మయ్య! కొట్టింది నువ్వేనన్నమాట," అన్నాడు ఇంజనీరు.

"నేనా? నాకు చెయ్యే లేవలేదు సార్..." అతను తొట్టివైపు తల తిప్పాడు. "లోపల ఇంకొకాయన ఉన్నాడుగా... ఆయన్ని కూడా తియ్యండి."

ఇంజనీరు టార్చి వేసి చూశాడు. తొట్టి ఖాళీ.

"మూత... మూత వేసేయండి," అన్నాడు.

మేస్త్రి కదల్లేదు. నిచ్చెన రెండు చేతులా పట్టుకుని, చీకట్లోకి వంగి, అన్నానికి పిలిచినంత మామూలుగా అన్నాడు —

"రారా... పట్టుకున్నాను. నేనేరా, అన్నయ్యని."

చేతుల్లో నిచ్చెన కాస్త బరువెక్కింది.